ఒక్క పిలుపుకే లేచే పెట్టె

నిన్న ఒక్కరోజే నూట డెబ్బై మూడు సార్లు లేచిందట మా అక్క ఇంట్లో సర్వర్. సోమవారం పొద్దున్నే నా షాపు షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరుతుంటే విశాఖపట్నం నుంచి డాక్టర్ ప్రమోదిని గారు ఫోన్ చేసి చెప్పారు.

"నూకరాజు గారూ, రోజుకి నలభై లోపే ఉండాలని మీకు మొదటిరోజే చెప్పాం కదండీ."

"చెప్పారండి. ఏదో అప్‌డేట్ గోలై ఉంటుంది. సాయంత్రానికి సరిచేసేస్తాను."

"శుక్రవారం ఐదింటి వరకు చూస్తాను. ఆలోపు కారణం దొరక్కపోతే ఇక్కణ్ణుంచే చిప్పు ఆపేస్తాను. ఒకసారి ఆపితే మళ్ళీ వేసే అధికారం నాకు లేదు. ఆపరేషన్ చేసి తీసెయ్యడమే."

ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు షట్టరు కింద వంగే ఉన్నాను. కాకినాడ మెయిన్ రోడ్డులో ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. పెట్టెలంటే నాకు భయం లేదు. నిద్రపోవాల్సిన పెట్టె ఊరికే లేస్తోందంటే దాన్నెవరో లేపుతున్నట్టే. ఆ ఎవరో దొరికితే చెవి మెలేసి కూర్చోబెట్టడం నాకు చిటికెలో పని అనుకున్నాను. నా పొగరు నాకు ఎప్పుడూ ఎక్కువే.

మా బావ కొండబాబుది ఉప్పాడ. జాందానీ నేతలో ఆయన పేరు చెబితే ఊళ్ళో చిన్నా పెద్దా లేచి నిలబడతారు. రెండేళ్ళ క్రితం మగ్గం మీదే పక్షవాతం వచ్చి పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పూటలో పోయాయి. తర్వాతి పదహారు నెలలూ మా అక్క మంగ పడిన పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. మంచినీళ్ళా, దిండా, దొడ్డికా అని ఒక్కొక్కటీ అడుగుతుంటే ఆయన ఏదీ కాదని తలూపి, చివరికి గోడవైపు తిరిగి ఏడ్చేవాడు.

ఎనిమిది నెలల క్రితం ప్రమోదిని గారి లేబొరేటరీ నుంచి ఈ ప్రయోగం వచ్చింది. ఆయన చెవి వెనక, ఎముక కింద, చింతగింజంత చిప్పు పెట్టారు. మాట నోటి దాకా రాకపోయినా తలలో పుడుతుంది కదా, దాన్ని పట్టుకుంటుందది. పట్టుకున్నదాన్ని మాటగా మార్చాల్సింది ఇంట్లో ఉన్న సర్వర్. స్పీకరులోంచి వచ్చే గొంతు రైల్వే స్టేషన్లో ప్రకటనల గొంతులా ఉంటుందనుకోండి, అయినా మాట మాటే. ఒక్కటే తంటా. సర్వర్ మెలకువగా ఉన్నంతసేపూ చిప్పు దానితో మాట్లాడుతూ వేడెక్కుతుంది. అందుకని పెట్టె పడుకోవాలి. బావకి మాట్లాడాలనిపిస్తే చిప్పు పిలుస్తుంది, పెట్టె లేస్తుంది, 'సిద్ధం, చెప్పు' అన్నట్టు ఆయన చెవిలో ఒక చప్పుడు చేస్తుంది. మాట అయిపోయిన నిమిషానికి మళ్ళీ పడుకుంటుంది.

లేబొరేటరీ వాళ్ళు ఆ చప్పుడు 'టింగ్' అని పెట్టారు. పదహారు నెలల తర్వాత బావ నోరు విప్పి మొట్టమొదట అన్న మాట, "ఆ టింగు ఆపరా బాబూ, తల వాచిపోతోంది." అక్క ఏడుస్తూ నవ్వింది. నేను సరదాకి 'ఊఁ' అని నా గొంతే రికార్డు చేసి టింగు బదులు పెట్టాను. బావ దానికి ఏమీ అనలేదు.

అలా రోజుకి ఇరవై, పాతికసార్లు పిలిచేవాడు. పదిహేను రోజులుగా లెక్క తప్పింది. పెట్టె లేస్తోంది, నిమిషం పాటు ఎదురుచూస్తోంది, ఒక్క మాటా రావడం లేదు, పడుకుంటోంది. మళ్ళీ లేస్తోంది.

*

సోమవారం మధ్యాహ్నానికి ఉప్పాడ చేరాను. అక్క గుమ్మంలోనే అందుకుంది.

"పెట్టెకేమైందిరా? నేనైతే ముట్టుకోలేదు. దుమ్ము కూడా దులపట్లేదు."

"నిన్నెవరన్నారే. దాన్ని లేపుతున్నవాడి పని పట్టడానికొచ్చాను."

ముందు పిల్లిని అనుమానించాను. అది వెచ్చగా ఉందని పెట్టె మీదే కాపురం పెట్టింది. దాన్ని దించాను. టీవీ తీగ పీకాను. అక్క ఫోన్ ఆపేశాను. అప్‌డేట్లు వాటంతటవే రాకుండా ఆపేశాను. రౌటర్ మార్చాను. పక్కింటివాళ్ళ వైఫై ఏమైనా తగులుతోందేమోనని వాళ్ళింటికెళ్ళి బతిమాలి పూటంతా ఆపించాను. పీకినవన్నీ మంచం మీద పోగుపడ్డాయి. పెట్టె ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను.

మూడు నిమిషాలకి పచ్చలైటు వెలిగింది. ఫ్యాను గుయ్యిమంది. నిమిషం తర్వాత ఆగింది. ఐదు నిమిషాలకి మళ్ళీ. దాని వెటకారం చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

మంగళవారానికి ఇక మిగిలిన అనుమానం ఒక్కటే. బావ కిటికీ పక్క కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి ఏదో సన్నటిది పట్టుకున్నట్టు ఉంచాడు.

"బావా, పిలుస్తోంది నువ్వేనా?"

పచ్చలైటు వెలిగింది. "నేను నా పనిలో ఉన్నాను. నువ్వు నీ పని చూసుకో," అంది స్పీకరు.

"కుర్చీలో కూర్చున్న మనిషికి పనేంటి బావా!"

అనేశాక నాలిక కరుచుకున్నాను. ఆయన కళ్ళు తెరవలేదు. పక్క గదిలో మగ్గం ఉంది. దాని మీద పాత దుప్పటి కప్పి రెండేళ్ళయింది. ఆ గది గుమ్మం ముందునుంచి వెళ్ళినప్పుడల్లా నేను తల అటు తిప్పను. ఎందుకో నాకు తెలుసు, అక్కకి తెలుసు, బావకి తెలుసు. ముగ్గురిలో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు చెప్పక తప్పదు. జాందానీకి మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. కుడి పక్క ఒకరు, ఎడమ పక్క ఒకరు. బావ అక్కని చేసుకున్నప్పుడు నాకు పదేళ్ళు. అప్పట్నుంచి పంతొమ్మిదో ఏడు దాకా బావ ఎడమ పక్క కూర్చున్నది నేనే. తర్వాత కంప్యూటర్లన్నాను, కాకినాడ వెళ్ళిపోయాను. ఆయన వాళ్ళనీ వీళ్ళనీ కూర్చోబెట్టుకుని నెట్టుకొచ్చాడు. రెండేళ్ళ క్రితం ఒకరోజు ఫోన్ చేశాడు. "చీరకి కొంగు నేత ఎత్తుతున్నానురా. ఎడమ పక్కకి మనిషి లేడు. రెండ్రోజులు వచ్చి కూర్చో."

"రేపొస్తాలే బావా," అన్నాను.

మూడు రోజులు వెళ్ళలేదు. మూడో రోజు ఆయన ఒక్కడే రెండు పక్కలా పని చేస్తూ, ఇటు నుంచి అటు జరుగుతూ, అక్కడే ఒరిగిపోయాడు. డాక్టర్లు దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. వాళ్ళదేం పోయింది!

*

బుధవారం నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. పెట్టె ఒక్క పిలుపుకి లేవకూడదు, వెంటవెంటనే రెండు పిలుపులు వస్తేనే లేవాలి అని చిన్న షరతు రాసి పెట్టాను. నిజంగా మాట్లాడాలనుకున్నవాడు రెండోసారి పిలుస్తాడు. ఊరికే వచ్చే పిలుపులు గాలికి పోతాయి. కారణం ఏదైతేనేం, లెక్క తగ్గితే చాలు కదా. లేబొరేటరీకి చెప్పాలనే ఆలోచన వచ్చింది కానీ, చెబితే వంద కాగితాలు అడుగుతారని ఊరుకున్నాను.

"బావా, ఇకనుంచి మాట్లాడాలంటే రెండుసార్లు పిలవాలి. సరేనా?"

షరతు ఇంకా అమల్లోకి రాలేదు. పచ్చలైటు వెలిగింది. "రెండోసారి ఎవడూ పిలవడురా."

"పిలిచి చూడు, అదే అలవాటవుతుంది," అని మీట నొక్కి, బస్సెక్కి వచ్చేశాను.

గురువారం పొద్దున ప్రమోదిని గారి గొంతులో ఆశ్చర్యం. "నిన్న మధ్యాహ్నం నుంచి సున్నా. ఏం చేశారండీ?"

"ఏదో సెట్టింగ్ అండి," అన్నాను. ఆ ఉత్సాహంలో కాజాలు తెప్పించి షాపులో అందరికీ పంచాను. ఒక్కసారి కూడా లేవలేదేంటి, కనీసం మంచినీళ్ళైనా అడగాలి కదా మనిషి అని నా బుర్రకి తట్టలేదు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "నిన్న నువ్వెల్లిన దగ్గర్నుంచీ మీ బావ ముద్ద ముట్టలేదురా. మాటా లేదు, పలుకూ లేదు. పడుకోబెట్టినా ఆ చెయ్యి దించట్లేదు. నువ్వేంచేశావ్?"

"అలిగి ఉంటాడే. నేనేదో నోరు జారాను మొన్న. ఆకలేస్తే ఆయనే తింటాడు."

"రోజంతా తినకుండా అలిగే మనిషి కాదురా ఆయన. నీకు తెల్దా?"

*

శుక్రవారం ఎనిమిదింటికల్లా ఉప్పాడలో ఉన్నాను. బావ పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. ఎడమచెయ్యి ఒళ్ళో లేదు, గాల్లో జానెడెత్తున ఉంది. బొటనవేలు చూపుడువేలు మీద ఎంత గట్టిగా నొక్కాడంటే గోరు పాలిపోయింది. మోచేతి కింద అక్క దిండు పెట్టింది. పెరుగన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే తల పక్కకి తిప్పేశాడు.

"బావా, కోపమా? తిట్టు. రెండుసార్లు పిలిచి మరీ తిట్టు."

ఆయన కళ్ళు నా వైపు తిరగలేదు. ఎక్కడో ఎడమవైపు, నేల మీద, దేనికోసమో చూస్తున్నాయి.

పెట్టె తెరిచి లాగ్ చూశాను. నా షరతు అమల్లోకొచ్చిన నాలుగు నిమిషాలకి ఒక పిలుపు వచ్చింది. పెట్టె లేవలేదు. తర్వాత రెండో పిలుపు లేదు. ఇప్పటిదాకా, దాదాపు రెండు రోజులుగా, ఇంకే పిలుపూ లేదు. ఒక్కసారి పిలిచి, ఊరుకున్నాడు.

అంతకుముందు పదిహేను రోజుల్లో ఏం పిలిచాడో అర్థమైతే తప్ప ఇది తేలదనిపించింది. రెండు పిలుపుల మధ్య ఎంత సమయం ఉందో వరసగా గీద్దామని కాగితం వెతికాను. సొరుగులో బావ గళ్ళ కాగితాలు ఉన్నాయి, నేత నమూనాలు గీసుకునేవి. అర నిమిషానికి ఒక గడి చొప్పున పెన్సిల్‌తో నింపుతూ పోయాను. ఒక వరసకి నాలుగు గళ్ళు, తర్వాతి వరసకి నాలుగు, ఆరు, పది, పన్నెండు, పధ్నాలుగు, పన్నెండు, ఏడు, నాలుగు. బుధవారం ఆగిపోయిన చోటు నుంచి వెనక్కి ఒక రోజు గీసేసరికి గంటన్నర పట్టింది. నాకందులో ఏమీ కనపడలేదు.

అక్క కాఫీ తెచ్చి, గ్లాసు బల్ల మీద పెట్టబోతూ ఆగిపోయింది.

"మీ బావ కాగితం నీకెక్కడ దొరికిందిరా?"

"బావదేంటి, నేనిప్పుడు గీసింది."

"నీ మొహం. రెండు చిన్న మామిడి పిందెలు, ఒక పెద్ద పిందె, మధ్యలో రెండు వరసలు ఖాళీ. మగ్గం మీదున్న చీర కొంగే కదరా ఇది. ఈ పిందెలకి జరీ కండెలు చుట్టింది నేను. నాకు తెల్దా?"

అక్క పక్క గదిలోకి వెళ్ళి, దుప్పటి తొలగించి, మగ్గం మీద రెండేళ్ళుగా మడతపెట్టి ఉన్న నమూనా కాగితం పట్టుకొచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టాం. వరసకి వరస సరిపోయింది. పని ఎక్కువున్న వరసకి ఎక్కువసేపు, తక్కువున్నదానికి తక్కువసేపు. బావ పదిహేను రోజులుగా ఆ కుర్చీలో కూర్చుని, పడిపోయిన రోజు ఏ వరసలో ఆగాడో అక్కణ్ణుంచి చీర నేస్తున్నాడు. కొంగు చివరికి అరవై ఒక్క వరసలు మిగిలాయి.

అప్పుడు నాకు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. అర్థం కాకుండా ఉంటే బాగుండేది.

మగ్గం మీద కుడి పక్కవాడు తన భాగం పోగులు వేసి, వరస లెక్క పైకి చెబుతాడు. ఎడమ పక్కవాడు తన భాగం పూర్తిచేసి 'ఊఁ' అంటాడు. ఆ 'ఊఁ' వినపడితేనే పోగులు బిగిసేలా పలక కొట్టి తర్వాతి వరసకి పోతారు. లెక్క ఒక్కసారే చెప్పాలి. రెండోసారి చెబితే పక్కవాడు అదే వరస మళ్ళీ వేసేస్తాడు, చీర చెడుతుంది. జవాబు రాకపోతే కుడి పక్కవాడు ఆగుతాడు. ఎంతసేపైనా సరే. పోగు పట్టిన చెయ్యి దించడు, వేరే మాట ఎత్తడు, జరీ మాసిపోతుందని ఏదీ ముట్టుకోడు, తినడు. తొమ్మిదేళ్ళు ఆ పక్కన కూర్చున్నవాణ్ణి, నాకు తెలీనిది కాదిది.

బావ తలలో లెక్క చెబుతున్నాడు. చిప్పు దాన్ని పిలుపనుకుంది. పెట్టె లేచి ఆయన చెవిలో 'ఊఁ' అంది. నా గొంతుతో. రేపొస్తానని రానివాడు రెండేళ్ళకి వచ్చి ఎడమ పక్క కూర్చున్నాడనుకున్నాడో ఏమో. బుధవారం మధ్యాహ్నం నేను ఆ 'ఊఁ' కూడా పీకేశాను.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "అక్కా, నేను మనిషిని కాదే," అన్నాను.

"అది తర్వాత చూద్దాం. ముందు ఆయన నోట్లో ముద్ద పడే దారి చూడు," అంది అక్క.

*

ప్రమోదిని గారికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను.

"ఏదో సెట్టింగ్ అన్నారు."

"అబద్ధం చెప్పానండి."

"పేషెంటు నోటికి మీరు తాళం వేశారు, నూకరాజు గారూ. ఆ షరతు ఇప్పుడే తీసెయ్యండి. లేకపోతే ఈ నిమిషమే నేను చిప్పు ఆపెయ్యాలి."

"తీసేస్తే మళ్ళీ లేస్తుందండి. కొంగు అయ్యేదాకా బావ ఆగడు."

"చిప్పు కింద ఉన్నది మెదడండీ. పదిహేను రోజులుగా దాన్ని కాలుస్తున్నాం. ఈ రోజు లెక్కలో నలభయ్యోది పడిన క్షణం ఆపేస్తాను. అందులో మార్పు లేదు."

"పెట్టె కంటే ముందు నేను 'ఊఁ' అంటేనో?"

ఆవిడ ఆలోచించారు. "చిప్పు రెండు సెకన్లు చూసి గానీ పెట్టెని లేపదు. ఆలోపు ఆయనకి కావల్సింది అందితే పిలుపు దానంతటదే ఆగిపోవాలి. అంత కచ్చితంగా ఇవ్వగలరా? ఎన్నిసార్లు?"

"అరవై ఒకటి."

"సరే. నేను ఇక్కడ స్క్రీన్ ముందే కూర్చుంటాను. ఫోన్ పెట్టెయ్యకండి."

షరతు తీసేశాను. బావ ఎడమ పక్క పీట వేసుకుని కూర్చున్నాను. పదకొండు కావస్తోంది. గాల్లో ఆగిపోయిన ఆ చేతిని చూసి, గొంతు సవరించుకుని, "ఊఁ," అన్నాను.

బొటనవేలు వదులైంది. చెయ్యి మెల్లగా కిందికి దిగింది. బావ గట్టిగా ఊపిరి వదిలాడు. అక్కకి చెప్పక్కర్లేకపోయింది. పలక దెబ్బకీ తర్వాతి వరసకీ మధ్య దొరికే ఆ కాస్త సందులో చెంచాడు మజ్జిగ నోట్లో పోసింది. మింగాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సంబరం అంతవరకే. తర్వాతి వరసకి బొటనవేలు నొక్కుకోవడం చూసి నేను నోరు తెరిచేలోపే పచ్చలైటు వెలిగింది.

"ఒకటి," అన్నారు ఫోన్లో ప్రమోదిని గారు.

ఆ తర్వాత రెండు. మూడు. ఏడు. పదకొండు. గోరు తెల్లబడటం కనపడేసరికే రెండు సెకన్లు అయిపోతున్నాయి. పెట్టెలో ఉన్న నా పాత గొంతు నాకంటే ముందే జవాబిచ్చేస్తోంది. పాతిక వరసలకి ఇరవై మూడు పోగొట్టాను. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది.

"ఇలాగైతే కష్టమండీ," అన్నారావిడ.

"ఆపు బావా, మిగిలింది రేపు నేద్దాం," అని బతిమాలాను. ఆయన వినే చోట లేడు.

అక్క వెనకనుంచి నా భుజం మీద ఒక్కటిచ్చింది. "ఆయన చెయ్యి ఎందుకురా చూస్తావ్? ఎడమ పక్కోడు ఎప్పుడైనా కుడి పక్కోడి చెయ్యి చూశాడా? నీ పోగులు నువ్వు వెయ్యి!"

నమూనా కాగితం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. నిజమే. నేను కాపలా కాస్తున్నాను తప్ప నెయ్యడం లేదు. కాగితంలో వరస చూశాను. పెద్ద పిందె నడుము. నా చేతులు గాల్లోకి ఎత్తాను. లేని కండెలు పట్టుకుని, లేని పడుగులో, నాలుగు విడిచి రెండు, మూడు విడిచి ఐదు. మొదట వేళ్ళు తడబడ్డాయి. ఇరవై ఏళ్ళు దాటింది మరి. తర్వాత అవే దారి పట్టాయి. నా చివరి పోగు పడగానే "ఊఁ" అన్నాను. బావ బొటనవేలు అదే క్షణంలో నొక్కుకుని, వదులైంది. పెట్టె లేవలేదు.

తర్వాతిదానికీ లేవలేదు. ఆ తర్వాతిదానికీ. ఫోన్లో కొత్త అంకె వినపడలేదు. మధ్యమధ్య ఖాళీ వరసలు మోసం చేసేవి, అవి తొందరగా అయిపోతాయి. అక్కడ ఐదు పోయాయి. రెండింటికి మెడ పట్టేసి నాలుగు పోయాయి. వీధిలో చేపలావిడ "వంజరాలమ్మో" అని గుమ్మంలోకే వచ్చి కేకేస్తే ఉలిక్కిపడి ఇంకొకటి పోగొట్టాను. అక్క ఆవిణ్ణి తిట్టిన తిట్లు వినసొంపుగా లేవు.

"ముప్పై మూడు," అన్నారు ప్రమోదిని గారు. చీరలో ఇంకా పదిహేడు వరసలున్నాయి.

చివరికొచ్చేసరికి బావ వేగం పెంచాడు. కొంగు చివర ఆయన ఎప్పుడూ అంతే, ఇంటికెళ్ళే ఎద్దులా పరిగెడతాడు. ముప్పై నాలుగు. ముప్పై ఆరు. నాకు చేతులు తిమ్మిరెక్కాయి. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. ఇంకా నాలుగు వరసలు.

"నూకరాజు గారూ..." అని ఆగిపోయారావిడ.

నాలుగో వరసకి సరిగ్గా అన్నాను. మూడో వరసకి అన్నాను. రెండోదానికి నా ఎడమ చూపుడువేలు కొంకర్లు పోయింది, మధ్యవేలితో వేశాను, అన్నాను. చివరి వరస ఒట్టి అంచు. ఒక్క పోగు ఇటు, ఒక్క పోగు అటు. ఇద్దరం కలిసే వేశాం.

"ఊఁ."

పెట్టె లేవలేదు. బావ చెయ్యి ఒళ్ళో పడి, మొత్తంగా తెరుచుకుంది. రెండు రోజుల తర్వాత ఆ అరచెయ్యి చూశాను. బొటనవేలి గోరు గుర్తు చూపుడువేలి మీద లోతుగా దిగి ఉంది. ఆయన కళ్ళు తెరిచి, నా వైపు తిరిగి, నిజంగా నన్ను చూశాడు. ఛాతీ నిండా ఊపిరి పీల్చుకున్నాడు. అది మాట్లాడబోయే ముందు పీల్చే ఊపిరి.

నేను గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాను. "వద్దు బావా! నీకు దణ్ణం పెడతాను. ముప్పై తొమ్మిదయ్యాయి. ఇంకొక్కటి పడితే నీ మాట ఇక ఉండదు. అర్ధరాత్రి దాటితే లెక్క మళ్ళీ సున్నాకొస్తుంది. ఏమైనా ఉంటే రేపు మాట్లాడు. రేపు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినపడింది. అక్క తల దించుకుంది. బావ నా మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయాడు. పీల్చిన ఊపిరి మెల్లగా వదిలేశాడు. తర్వాత అక్క వైపు తిరిగి నోరు తెరిచాడు, ముద్ద కోసం.

ఐదింటికి ప్రమోదిని గారు చిప్పు ఆపలేదు. "ముప్పై తొమ్మిది. కారణం రాసుకున్నాను. మీరు చేసిన పని కూడా రాశాను, దానికి మీరు జవాబు చెప్పుకోవాలి," అని ఫోన్ పెట్టేశారు. చెప్పుకుంటానన్నాను.

ఆ రాత్రి అక్కడే చాప వేసుకున్నాను. పొద్దున ఆరింటికి మెలకువ వచ్చేసరికి బావ కుర్చీలో ఉన్నాడు, మొహం కడుక్కుని, కాఫీ తాగి. పక్క గది తలుపు బార్లా తెరిచి ఉంది. మగ్గం మీద దుప్పటి లేదు. రెండేళ్ళ క్రితం సగంలో ఆగిన చీర అక్కడే, ఆ వరసలోనే ఉంది. నేను లేచి కూర్చోవడం చూసి బావ ఊపిరి పీల్చుకున్నాడు.

పచ్చలైటు వెలిగింది. ఫ్యాను గుయ్యిమంది.

"రేపొచ్చిందిరా," అంది స్పీకరు. "మగ్గం ఎక్కు."

ఎక్కాను.